ఉభయ వంశముల పద్దు

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తిచేసికొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. గ్రామమున లెక్కలు వ్రాయుట నా వృత్తి. సంస్కృతాంధ్ర గ్రంథములను గురుముఖమున చదువుకొన్న భాగ్యము నాకు లేదు; ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు నొకప్రక్క నుంచుకొని కూడబలుకుకొన్నవాడను. కావున రాజుల యుద్ధములజోలికి పోక, లెక్కకు సంబంధించిన విషయమునే యెన్నుకొంటిని. మనుష్యుడు తన చుట్టములను ఎట్లు లెక్కించుకొనెను? ఎన్ని తరములవరకు లెక్కించెను? కాలము మారినప్పుడెల్ల ఆ లెక్క ఎట్లు నిలిచెను, ఎచ్చట తప్పెను? ఇదియే నా ప్రసంగము.

మన భాషలో బంధువులకు రెండు మాటలు గలవు. చుట్టము అనగానే మనకు చుట్టును నిలిచియుండువారు స్ఫురింతురు. దాయాది యనగా దాయము, అనగా తాతతండ్రుల సొత్తులో పాలు గ్రహించువాడు. ఒకే మనిషి పెండ్లి పందిటిలో చుట్టము. పొలము గట్టుమీద దాయాది. భూమిని పంచుకొనక తప్పదు. పదియెకరములు ముగ్గురు కొడుకులకును, వారి వాటాలు మరల వారి కొడుకులకును పంచబడి, మూడు తరములు గడచుసరికి సెంట్లలోనికి దిగును. పంపకమైన భూమికి హద్దురాళ్లు పాతుదుము, కాగితము వ్రాసికొందుము, సాక్షుల సంతకములు తీసికొందుము. చుట్టరికమునకు మాత్రము కాగితము లేదు. మరి అది యింతకాల మెట్లు నిలిచినది? ప్రేమవలన ననుట సగము సమాధానమే. ప్రేమ యున్నను లెక్క తప్పినచో చుట్టరికము చెడును. ముత్తాతలు అన్నదమ్ములైన రెండిండ్లవారు నేడు ఒకరినొకరు ఎరుగక ఒకే బస్సులో ప్రక్కప్రక్కల కూర్చుండుట మనకు క్రొత్త కాదు.

ఈ లెక్క యెంత ప్రాచీనమో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. గోదావరి మండలమున చిక్కుళ్ల యను గ్రామమున ఒక తామ్రశాసనము దొరికినది. దానిని ఇచ్చినవాడు విష్ణుకుండి వంశజుడగు రెండవ విక్రమేంద్రవర్మ మహారాజు. తన పరిపాలనలో పదియవ యేట, అనగా క్రీ.శ. 565 ప్రాంతమున, లెందులూర యను నివాసమునుండి ఆయన ఈ దానమును ప్రకటించెను. ఆ లెందులూర మన దెందులూరే యని శాసన పరిశోధకులు గుర్తించిరి. నేడు మనము భీమలింగ దిబ్బ యని పిలుచు దిబ్బవంటివి మన యూరి ప్రాచీనతకు మిగిలిన ఆనవాళ్లు.

ఆ రాగిరేకులలో రాజు తన్ను ఎట్లు పరిచయము చేసికొనెనో చూడుడు. పదునొకండు అశ్వమేధములు చేసిన మాధవవర్మకు తాను ప్రపౌత్రుడు; మొదటి విక్రమేంద్రవర్మకు పౌత్రుడు; ఇంద్రభట్టారకవర్మకు పుత్రుడు. అంతటితో ఆగలేదు. తాతయగు మొదటి విక్రమేంద్రవర్మను చెప్పునప్పుడు, విష్ణుకుండి వంశము, వాకాటక వంశము అను రెండింటికిని అలంకారమైన జన్మ కలవాడని చెప్పెను. ఆ తాతగారి తల్లి విదర్భదేశము నేలిన వాకాటకుల ఆడపడుచు. ఆమె మెట్టినింటికి వచ్చి ఎన్నో యేండ్లు గడచినవి. ఆమె మనుమని కుమారుడు మన యూరిలో కూర్చుండి దానపత్రము వ్రాయించునప్పుడు, ఆమె పుట్టినింటిపేరు మరువలేదు. మన యూరిపేరు మీద వెలువడిన ఈ ప్రాచీన పత్రములో తండ్రివైపు తల్లివైపు రెండును జమకట్టబడియున్నవి. ఈ సంగతిని పాఠక మహాశయులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. కడపట మరల దీనియొద్దకే వచ్చెదను.

విక్రమేంద్రవర్మ తనకు వెనుక మూడు తరములు లెక్కించెను. ఇది యాదృచ్ఛికము కాదు. మనకు సమీపముననున్న పెదవేగిలో దొరికిన శాలంకాయన రాజగు రెండవ నందివర్మ శాసనము కూడ ఇదే వరుస పాటించినది: ముత్తాత హస్తివర్మ, తాత మొదటి నందివర్మ, తండ్రి చండవర్మ, తరువాత తాను. నేడు పెండ్లిపందిటిలో పురోహితుడు వధూవరుల ప్రవర చెప్పునప్పుడు, ఫలానివారి ముని మనుమడు, ఫలానివారి మనుమడు, ఫలానివారి కుమారుడు అని మూడు పేర్లే చదువును. తర్పణము విడుచునప్పుడును పిత, పితామహ, ప్రపితామహులను మువ్వురినే పేరుపెట్టి పిలుతురు. పదునైదు వందల యేండ్లనాటి రాజునకును నేటి సామాన్య గృహస్థునకును లెక్క ఒకటే. మనిషి తన కన్నులతో చూడగలిగినవారు, చూచినవారి నోట వినగలిగినవారు సుమారుగా అంతవరకే యుందురు కాబోలు. అందుకే పెద్దలు ఆ మూడు తరములను కర్మకాండలో కట్టి పడవేసిరి. మరువవలెనన్నను మరువ వీలులేదు.

తర్పణ విధిలో ఇంకొక విశేషము కలదు. తండ్రివైపు మువ్వురిని పిలిచిన పిమ్మట తల్లి తండ్రిని, ఆయన తండ్రిని, తాతను గూడ పిలుతురు. మహాలయ పక్షమునందైతే మేనమామ, మేనత్త, తోబుట్టువులు, అత్తమామలు, గురువు, స్నేహితుడు వరకు పేర్లు సాగును. తర్పణము లేని కుటుంబములలో సంక్రాంతినాడు పెద్దలకు క్రొత్తబట్టలు పెట్టుట కలదు. క్రైస్తవ సోదరులు నవంబరు 2వ తేదీని సమాధులను శుభ్రపరచి, సున్నము వేసి, పూలుంచి, దీపములు వెలిగింతురు. మహమ్మదీయ సోదరులు షబే బరాత్ రాత్రి ఖబరస్థానమునకు పోయి పెద్దలకొరకు ప్రార్థింతురు. మతములు వేరైనను మన గ్రామమున ప్రతి యింటను సంవత్సరమున కొక్క దినము పోయినవారి పేర్లు పలుకబడుచున్నవి. పేరు పలుకుచున్నంతకాలము పద్దు తెరచియున్నట్లే.

ఇవి రాజులకును శాస్త్రములకును సంబంధించిన మాటలు, సామాన్యుల సంగతి యేమని ఎవరైన అడుగవచ్చును. దానికి నాగార్జునకొండ సమాధానము చెప్పుచున్నది. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహము కట్టించి శాసనము వేయించినది. ఆమె రాణి కాదు. ఒక గృహస్థుని కుమార్తె, ఒక గృహస్థుని యిల్లాలు. తాను చేసిన పుణ్యము ఎవరెవరికి చెందవలెనో ఆమె వ్రాయించిన పట్టిక చూచినచో, మన యిండ్లలో పెండ్లి పిలుపులకు వ్రాసికొను పేర్ల జాబితా కన్నులకు కట్టును. భర్త, అత్తమామలు, మరదులు, ఆడబిడ్డ, ఆ వైపు బిడ్డలు. పిమ్మట తన తాత, నాయనమ్మ, భాండాగారము చూచు మేనమామ, తల్లిదండ్రులు, తమ్ముడు, అక్కచెల్లెండ్రు, కొమార్తె, కొమారులు, కోడండ్రు. ఆ పేర్లలో మహా చందముఖుడు, చుల చందముఖుడు అని యిద్దరు కలరు. అనగా పెద్ద చందముఖుడు, చిన్న చందముఖుడు. ఒకే తాతపేరు ఇద్దరు మనుమలకు పెట్టి పెద్ద, చిన్న అని పిలుచుకొను మన యాచారము ఆనాడును కలదన్నమాట. పుణ్యమును పంచునప్పుడు ఆమె మెట్టినింటిని ముందు చెప్పి, పుట్టినింటిని విడువలేదు. వంశవృక్షమును తండ్రులు కొడుకులు అను నిలువు గీతగా గాక, నలువైపుల కొమ్మలతో గీచిన యిట్టి శాసనము మిక్కిలి యరుదు. దానిని గీయించినది స్త్రీ.

తరువాత మన వేంగీదేశమును క్రీ.శ. 624 ప్రాంతమునుండి ఏలిన తూర్పు చాళుక్యులు వంశావళి వ్రాయుటలో అందరిని మించిరి. వారు తమ్ము మానవ్య గోత్రులమనియు, హారీతి పుత్రులమనియు చెప్పుకొనిరి. పిమ్మట కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏండ్లు ఏలెనని మొదలుపెట్టి, ప్రతి రాజు ఎన్ని వత్సరములు ఏలెనో వరుసగా వ్రాయుదురు. ఇది చక్కని దినచిట్టా. వారి కొలువులోని లేఖకులను తలచుకొన్నచో నావంటి లెక్కలవానికి గౌరవము కలుగును. ఆ పట్టికలో ఇంద్రభట్టారకుడను రాజు ఒకడున్నాడు. ఆయన ఏలినది ఏడు దినములు. ఏడు దినముల రాజును సైతము వారు పద్దునుండి కొట్టివేయలేదు. తరువాతి వంశావళి శాసనములలో ఆ యేడు దినములు ఏడు దినములుగానే నిలిచినవి. వంశము వ్రాయువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు. కలిగిన బంధువునే వ్రాసి, లేనివానిని విడుచుట లెక్క కాదు.

ఈ చాళుక్యుల చరిత్రలోనే దాయాదికిని చుట్టమునకును గల భేదము స్పష్టముగా కనబడును. విమలాదిత్యుడు చోళచక్రవర్తియగు రాజరాజు కుమార్తె కుందవను వివాహమాడెను. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. ఈయన 1022లో పట్టాభిషిక్తుడయ్యెను గాని, సవతి తల్లి కుమారుడగు విజయాదిత్యుడు రాజ్యమునకై ఆయనతో చిరకాలము పోరాడెను. అతడు దాయాది. రాజరాజనరేంద్రునకు అండగా నిలిచినవాడు మేనమామయగు రాజేంద్రచోళుడు. ఆ మేనమామ కుమార్తె అమ్మంగదేవినే ఆయన పెండ్లాడెను. వారి కుమారుడు రాజేంద్రుడును మేనమామ కుమార్తెయగు మధురాంతకిని చేసికొని, 1070లో కులోత్తుంగ చోళుడను పేర చోళ సింహాసన మెక్కెను. మూడు తరములు వరుసగా గోదావరీ తీరమునకును కావేరీ తీరమునకును రాకపోకలు నిలిచినది ఆడపడుచులవలననే. నన్నయభట్టారకునిచే భారతము తెలిగించు సంకల్పము చేసిన రాజు ఈ రాజరాజే. చంద్రవంశమున పుట్టిన పాండవులు తన పూర్వులని ఆయన భావించెను. అనగా మన భాషలో ఆదికావ్యము పుట్టుటకు ఒక మనిషికి తన పూర్వుల కథ వినవలెనను కోరిక కారణములలో ఒకటి. ఆ కథయో, దాయాదుల కలహము!

ఇచ్చట మేనరికమునుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆడపిల్ల దూరము పోకుండ, సొత్తు చెదరకుండ, రాకపోకలు తెగకుండ మన పెద్దలు ఆ పద్ధతి పాటించిరి. ఐనను దగ్గర రక్తసంబంధమున జరుగు వివాహములవలన కొన్ని వంశపారంపర్య వ్యాధులు బిడ్డలకు సంక్రమించు అవకాశము హెచ్చునని వైద్యశాస్త్రము నిరూపించినది. మేనరికములు తగ్గుట మంచిదే. కాని ఆ పద్ధతి చేయుచుండిన పని, అనగా తల్లి పుట్టింటితో రాకపోకలు నిలుపు పని, ఇప్పుడు ఎవరు చేయవలెనను ప్రశ్న మిగిలియున్నది.

రాజులకు శాసనములుండెను, సామాన్యుల వంశములను వ్రాసినవా రెవ్వరు? ఒకప్పుడు పిచ్చుకకుంట్లవారు, నేడు వంశరాజులని పిలువబడువారు, ఊరూర తిరిగి కాపు, కమ్మ, రెడ్డి కుటుంబముల గోత్రములను ఇంటిపేర్లను గానము చేసెడివారు. పద్మశాలీలకు సాధనాశూరులు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు ఇట్లే ఉండిరి. వారి కడుపు నిండినంతకాలము మన వంశములు వారి నోట నిలిచినవి. గింజలు పెట్టువారు తగ్గిన పిమ్మట ఆ గొంతులును తగ్గినవి. ఇక గ్రామ సమాచారము కరణముల కవిలెలలో నుండెను. కర్నలు మెకంజీ దొరగారి కొరకు ఆ కవిలెలనుండి కైఫీయతులు సేకరించినవారిలో ముఖ్యులు కావలి బొర్రయ్య, ఆయన సోదరులు. వారు మన ఏలూరువారే. ఇరువదియేడేండ్లకే 1803లో బొర్రయ్య గతించెను. సోదరులు ఆ పని సాగించిరి. ఒక అన్న మొదలుపెట్టిన లెక్కను తమ్ములు ముగించుట కూడ కుటుంబ చరిత్రయే.

అయినను ఆ కవిలెలలోను, తరువాతి సర్కారు దస్త్రములలోను ఒక కొరత యున్నది. అవి భూమికొరకు పుట్టిన లెక్కలు. భూమి తండ్రినుండి కొడుకునకు పోయినంతకాలము దస్త్రములో తండ్రిపేరు, తాతపేరు చాలెను. తల్లిపేరు వ్రాయు గడి లేదు. పసుపుకుంకుమల క్రింద ఆడపిల్లకిచ్చిన యెకరమో అరయెకరమో ఉన్నచోట మాత్రము ఒక స్త్రీపేరు తొంగిచూచెడిది. కరణీకము 1984 జనవరిలో రద్దయినది. ఆ మరుసటియేటి సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చిన మన రాష్ట్రపు సవరణ చట్టముచే హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అవివాహితలగు కుమార్తెలకు పుట్టుకతో హక్కు వచ్చినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమంతటను కుమార్తెలందరికిని ఆ హక్కు వర్తించినది. విక్రమేంద్రవర్మ రాగిరేకు మీద చెక్కించిన ఉభయ వంశముల మాట సర్కారు దస్త్రమునకు ఎక్కుటకు పదునాలుగు వందల యేండ్లు పట్టినది.

దస్త్రములో గడి లేనప్పుడు ఆ లెక్కను ఉంచినవారు స్త్రీలు. తొలికాన్పుకు పుట్టింటికి పోవుట, సారెతో తిరిగివచ్చుట, పండుగకు అల్లుని పిలుచుట, పురుటికి మైలకు కబురంపుట, ఎవరి పెండ్లికి ఎవరు ఏమి చదివించిరో పదిలముగా గుర్తుంచుకొని సమయమునకు తీర్చుట, ఇవన్నియు వారి చిట్టాలోని పద్దులే. కొల్లేటి లంకలలో రోడ్లు లేని రోజులలో ఒక లంకనుండి మరియొక లంకకు పడవమీద తప్ప దారి లేదు. వానకాలమున నీరు పెరిగినచో చుట్టములు ప్రక్కయూరిలో నున్నను దూరదేశములో నున్నట్లే. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు లంకలన్నియు అక్కడ చేరెడివి. మ్రొక్కు తీర్చుకొనుట ఒకటి, ఏడాదిగా చూడని అక్కచెల్లెండ్రను చూచుట రెండవది. జాతర నేటికిని జరుగుచున్నది. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2006లో అందులోని చేపలచెరువుల గట్లు కొట్టివేయబడినవి. బ్రతుకు తెరువునకై కొందరు ఊళ్లు విడిచిరి. ఐనను జాతరనాటికి వచ్చువారు వచ్చుచునేయున్నారు.

కాలము మారినప్పుడెల్ల చుట్టరికము క్రొత్త దారులు వెదకికొన్నది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన కాలువలు వచ్చినవి. ఏలూరున గోదావరి కాలువయు కృష్ణ కాలువయు కలిసికొనగా, రెండు డెల్టాలవారికి పడవదారిని వియ్యము సులభమైనది. 1893 నుండి 1896 వరకు కటకమునుండి బెజవాడకు రైలుమార్గము తెరువబడినది. 1900లో గోదావరిమీద వంతెన పూర్తియైనది. తాడేపల్లిగూడెము సంబంధము, రాజమహేంద్రవరపు సంబంధము అప్పటినుండియే ప్రక్కయింటి సంబంధమైనది. 1879లో కానీకార్డు వచ్చినది. నాలుగు మూలల పసుపు పూసిన ఉత్తరము శుభము; అంచున నల్లసిరా పూసినది అశుభము, చదివి గుమ్మము వెలుపలనే చించివేయుదురు. చదువురానివారికి గూడ రంగునుబట్టి సంగతి తెలిసెడిది.

కాలువలు రైళ్లు చుట్టములను దగ్గరచేసినట్లే దూరమునకు కొనిపోయినవి కూడ. 1834 తరువాత కోరంగి రేవునుండియు, మద్రాసు విశాఖపట్టణములనుండియు మారిషసు చెరకు తోటలకు మనవారు ఓడలెక్కిరి. అక్కడి దొరతనమువారు వచ్చిన ప్రతి కూలికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, వయస్సు, తండ్రిపేరు, ఊరు పుస్తకములలో వ్రాసిరి. కూలివాండ్రను అదుపులో నుంచుటకై వ్రాసిన ఆ పుస్తకములు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. ఐదారు తరములవారు అక్కడికి పోయి తమ ముత్తాత ఊరిపేరు వెదకికొనుచున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వపు సెలవుదినము. భాష సన్నగిల్లినను, ఊరిపేరు కాగితముమీద నిలిచినందున వారికి తమ మూలము దొరకుచున్నది.

దీనికి భిన్నమైనది బర్మా కథ. రంగూనులో ఓడరేవు పనులలోను బియ్యపు మిల్లులలోను వేలకొలది తెలుగువారుండిరి. 1941 డిసెంబరు 23న ఆ నగరముమీద జపానువారు బాంబులు వేసిరి. 1942లో లక్షలకొలది భారతీయులు కొండలు అడవులు దాటి కాలినడకన బయలుదేరిరి. దారిలో కన్నుమూసినవారి పేర్లు వ్రాసికొనుటకు చిట్టా పట్టినవారు లేరు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వము వచ్చిన పిమ్మట మిగిలినవారును తిరిగి వచ్చిరి. మన పట్టణములలో బర్మా కాలనీలు అట్లు వెలసినవే. వ్రాసిన వంశము సముద్రము దాటి గూడ దొరకినది. వ్రాయని వంశము ఇంటికి వచ్చుదారిలోనే పోయినది. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

దేశములోపలి వలసలు వేరు రీతివి. 1931లో నిజాంసాగరు పూర్తికాగా గోదావరి, కృష్ణ, గుంటూరు జిల్లాల రైతులు బోధను, బాన్సువాడ ప్రాంతములకు పోయిరి. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలువగా గంగావతి, సింధనూరు ప్రాంతములకు పోయిరి. అక్కడ వారు కట్టుకొన్న పల్లెలను నేటికిని క్యాంపులనియే పిలుతురు. క్యాంపు అనగా తాత్కాలికపు విడిది. నాలుగు తరములు గడచినను ఆ మాట పోలేదు. కొందరు పండుగలకు, పెండ్లిండ్లకు వచ్చుచు రాకపోకలు నిలుపుకొనిరి. మరికొందరికి ఇచ్చటి పొలము అమ్ముడైన దినముననే రాకపోకలు నిలిచినవి. భూమి పోయినంతమాత్రమున చుట్టరికము పోనక్కరలేదు. కాని భూమి తప్ప వేరు లెక్క లేనిచోట రెండును కలిసియే పోవును.

1965లో అమెరికా దేశపు వలస చట్టము మారినపిమ్మట వైద్యులు, ఇంజనీర్లు పోవుట మొదలైనది. వారి వెనుక తరువాతి తరము పోయినది. మొదట నీలికవరు, పిమ్మట ట్రంకుకాలు, ఆ పిమ్మట టెలిఫోను బూతు, ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోను. 2013 జూలైలో తంతి కార్యాలయము మూతపడినది. నేడు ఒక కుటుంబమునకు వాట్సాపులో ఒక కూటమి కలదు. హైదరాబాదు, డల్లాసు, దెందులూరు ఒకేసారి మాటాడుకొనుచున్నవి. ఇది చిన్న మేలు కాదు. పూర్వము మనుమని ముఖము చూడక కన్నుమూసిన తాతలెందరో! ఐతే ఆ కూటమిలోని యువకునకు తెరమీద కనబడు పెద్దాయన తనకు ఏమి వరుసో తెలియనప్పుడు, పండుగ శుభాకాంక్షల బొమ్మ పంపి ఊరకుండును. మాట చేరుచున్నది, వరుస చేరుటలేదు. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, బాబాయి అందరును ఒకే ఆంగ్లపదములో కలిసిపోవుచున్నారు. పద్దులన్నియు చిల్లర ఖర్చుల క్రింద కలిపివేసిన లెక్కవంటిది ఇది.

పాతకాలపు ఉమ్మడి కుటుంబమును తిరిగి నెలకొల్పుడని నేను చెప్పుటలేదు. అందులో కోడండ్రు పడిన పాట్లు, చేతిలో పైసలేని తమ్ముల చిన్నబుచ్చుకొనుటలు, కులము పేర గీచిన గీతలు మనకు తెలియనివి కావు. వేరుండుట తప్పు కాదు. వేరైనవారు వరుస మరువకుండుట అవసరము. కష్టకాలమున అది అక్కరకు వచ్చును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన తరువాతను, 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడును దిక్కుతోచనివారిని ఎందరినో చేరదీసినది ఏదో యొక వరుస గలవారే. తలుపు తట్టుటకు ఒక పేరు తెలిసియుండవలెను గదా!

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ కార్యవర్గమువారికి నాదొక విన్నపము. రవికిరణముల నుండియు చెదపురుగుల నుండియు కాపాడదగిన గట్టి అట్టపుస్తకము నొకదానిని ప్రత్యేకించి, గ్రామములోని ప్రతి కుటుంబమునకు, ఏ కులమైనను ఏ మతమైనను, రెండు పుటలు కేటాయింతురు గాక. ఎడమ పుటలో తండ్రివైపు మూడు తరములు; కుడిపుటలో తల్లివైపు మూడు తరములు. ప్రతి పేరునకు ఊరు. వలసపోయినవారికి పోయిన సంవత్సరము, క్యాంపు పేరైనను దేశము పేరైనను. ఊరు స్థిరమైనను చిరునామా మారుచుండును: 1925లో మనము పశ్చిమ గోదావరి జిల్లాలోనివారము, 2022 ఏప్రిలు నుండి ఏలూరు జిల్లావారము. కావున జిల్లా పేరుతోబాటు సంవత్సరమును వ్రాయవలెను. ఒకేపేరు గలవారిని బోధిసిరి చేసినట్లు పెద్ద, చిన్న యని గుర్తింపవలెను. పసితనముననే పోయినవారిని, సంతు లేనివారిని, ఇల్లు విడిచిపోయినవారిని ఏడు దినముల రాజును వ్రాసినట్లే వ్రాయవలెను. కులము కాదని పెండ్లాడి దూరమైనవారిని కూడ విడువరాదు. వ్యాజ్యములు, మనస్పర్థలు వ్రాయనక్కరలేదు. ఆయా కుటుంబములవారి సమ్మతితోనే వ్రాయవలెను. చూడగోరువారికి కుటుంబమువారి అనుమతితోనే చూపవలెను.

కుడిపుట నింపుటయే కష్టము. ఎడమ పుటకు దస్త్రములు సాక్ష్యమిచ్చును. కుడిపుటకు సాక్షులు మన యిండ్లలో అరుగులమీద కూర్చున్న ఎనుబది యేండ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు. వారి పుట్టినింటి పేరేమి, ఆ తల్లి పుట్టినింటి పేరేమి యని వారిని అడిగినవారు అరుదు. ఎవరికి ఎవరు ఏమి వరుసో తడుముకొనక చెప్పగలవారు ఊరిలో ఇంకను పదిమంది యుందురు. ఒక్కొక్కరు పోవునప్పుడు ఒక్కొక్క కవిలెకట్ట చితికెక్కుచున్నది. రాగిరేకు భూమిలో పాతిపెట్టినను పదుమూడు వందల యేండ్ల పిమ్మట దొరకినది. మనిషి జ్ఞాపకము అట్లు దొరకదు.

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు వేసవి సెలవులలో కలము కాగితము తీసికొని తమ యింటి అమ్మమ్మవద్ద కూర్చుండిన చాలును. ఆమె మాటలను సెల్‌ఫోనులో గూడ భద్రపరుపవచ్చును. పరదేశములనున్న మన పిల్లలు తమ పుటను తామే వ్రాసి పంపవచ్చును. తన్ను గన్న ఊరి గ్రంథాలయములో తన బిడ్డపేరు కలదని తెలిసినచో, ఆ బిడ్డ ఎన్నడో యొకనాడు ఈ మెట్లెక్కి వచ్చును. వచ్చినవానికి ఫలానివారింటికి పొమ్మని దారిచూపువారుందురు.

లెందులూరలో కూర్చుండి విక్రమేంద్రవర్మ తన తాతగారి తల్లి పుట్టినింటిని రాగిమీద చెక్కించెను. మనకు రాగి అక్కరలేదు, కాగితము చాలును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ పుస్తకమున మన గ్రామ కుటుంబములన్నియు ఎక్కియుండుగాక యని ఆశించుచు, పాఠక మహాశయులు తమ యింటి పెద్దవారిని ఈ సాయంకాలమే ఒక్క ప్రశ్న అడుగవలసినదిగా ప్రార్థించుచున్నాను.